పేరు పలికిన వాద్యం

ఈసారి మీకు ఒక ఆల్బం గురించి చెప్పాలని ఉంది. పాటల ఆల్బం కాదు, భజనల ఆల్బం అంతకన్నా కాదు. ఒక సూపర్‌హీరో సినిమా నేపథ్య సంగీతం. తెర మీద బొమ్మ కదులుతుంటే వెనుక నడిచే సంగీతాన్ని నేపథ్య సంగీతం అంటాం. సాధారణంగా దాన్ని మనం వినం. అది మనకు వినిపిస్తుంది, అంతే. "వినడం" వేరు, "వినిపించడం" వేరు అని ఆదివారం తరగతిలో చెప్పేటప్పుడు ఇకనుంచి నేను ఈ ఉదాహరణే ఇస్తాను.

సినిమా పేరు "బ్లాక్ పాంథర్". 2018 ఫిబ్రవరిలో వచ్చింది. మీలో చాలామంది చూసే ఉంటారు. ఆ పేరుతో రెండు ఆల్బంలు ఉన్నాయి, పొరబడకండి. ఒకటి కెండ్రిక్ లమార్ పాటలు కూర్చిన ఆల్బం. మా బడి పిల్లలకు అదే తెలుసు. నేను చెప్పేది రెండవది, స్వీడన్‌లో పుట్టిన లుడ్విగ్ యోరాన్సన్ అనే సంగీతకారుడు స్వరపరచినది. అందులో 28 ముక్కలు ఉన్నాయి. మొత్తం గంటన్నర పైచిలుకు. దానికి 2019లో ఆస్కార్ బహుమతి వచ్చింది.

సినిమాను నేను డర్బన్‌లోనే చూశాను. హాలు నిండిపోయింది. కొందరు పెళ్ళికి వచ్చినట్టు పూసల దండలు వేసుకుని వచ్చారు. వాకాండా అనేది ఊహించి కల్పించిన రాజ్యం. కాని అక్కడివాళ్ళు మాట్లాడే భాష కల్పన కాదు, మన దేశంలోని ఖోసా భాష. అంతకుముందు 2016లో వచ్చిన మరో సినిమాలో ముసలి రాజుగా నటించిన జాన్ కానీ మన దేశపు నటుడే. తండ్రీ కొడుకులు తమ భాషలో మాట్లాడుకుంటే బాగుంటుందని సూచించింది ఆయనే. ఆ భాష ఈ సినిమాలో కూడా కొనసాగింది. నేను "ఖోసా" అని రాస్తున్నాను గాని, ఆ మాటలోని మొదటి శబ్దం "ఖ" కాదు. నాలుక పక్కభాగంతో చేసే ఒక చప్పుడు అది. ఆ సంగతి మళ్ళీ చెబుతాను.

తెర మీద ఖోసా మాటలు వచ్చినప్పుడల్లా నేను కింద ఇంగ్లిష్ అక్షరాలు చదువుకున్నాను. నా వెనుక వరుసలో కూర్చున్న కుటుంబం ఏమీ చదవలేదు. వాళ్ళది జూలూ. జూలూ, ఖోసా అక్కచెల్లెళ్ళ వంటి భాషలు, ఒకటి వచ్చినవాళ్ళకు రెండవది చాలావరకు తెలుస్తుంది. వాళ్ళు "హే" అని మురిసిపోయిన తర్వాత ఒక్క క్షణం ఆలస్యంగా నాకు అర్థమయ్యేది. ఇంటికి వచ్చాక అది మరచిపోయాను. సినిమా బాగుంది అని అందరితో చెప్పాను.

ఆల్బం వినడం మాత్రం ఐదేళ్ళ తర్వాత జరిగింది. దానికి కారణం సంగీతం మీద ఇష్టం కాదు, కరెంటు లేకపోవడం. 2023లో లోడ్ షెడ్డింగ్ ఎలా ఉండేదో మీకు చెప్పనక్కరలేదు. ఒక సాయంత్రం టీవీ ఆగిపోయింది. కొవ్వొత్తి వెలుగులో పిల్లల గణితం నోటు పుస్తకాలు దిద్దలేక పక్కన పెట్టాను. మా అబ్బాయి తన ఫోను నా చేతిలో పెట్టి, "అమ్మా, ఇది విను. ముందే దించి పెట్టాను, నెట్ అక్కరలేదు" అన్నాడు. రెండున్నర గంటల చీకటిలో గంటన్నర సంగీతం హాయిగా పడుతుంది.

మొదటిసారి విన్నప్పుడు నేను నిజంగా వినలేదు. ప్రతి ముక్కకూ ఒక బొమ్మ గుర్తు తెచ్చుకుంటూ కూర్చున్నాను. ఇది జలపాతం దగ్గర పోరు, ఇది బుసాన్ వీధుల్లో కారు పందెం, అనుకుంటూ. తప్పేమీ లేదు, మీరూ అలాగే మొదలుపెట్టండి. కాని అక్కడ ఆగకండి. రెండవ సాయంత్రం, మళ్ళీ చీకటిలో, బొమ్మలు వాటంతట అవే రాలిపోయాయి. అప్పుడు వాద్యాలు మిగిలాయి.

మూడవ ముక్క పేరు "వాకాండా". అది ఒక మగ గొంతుతో మొదలవుతుంది. ఆయన సెనెగల్ దేశపు గాయకుడు బాబా మాల్. ఈ సినిమా కోసం యోరాన్సన్ ముందుగా ఆయన దగ్గరికి వెళ్ళి, ఆయనతో పాటు ఊళ్ళు తిరిగాడు. ఆ గొంతు పాడేది ఫులా భాషలో. ఒక ఏనుగు చనిపోయిందని అందులో చెబుతాడట. ఏనుగు అంటే రాజు. పాత రాజు పోయాడు, కొత్త రాజు రావాలి. హాలులో ఆ గొంతు విన్నప్పుడు ఆకాశంలో ఎగిరే విమానాన్నీ, కింద మెరిసే నగరాన్నీ చూస్తూ ఉండిపోయాను. ఎవరో చనిపోయారని పాడుతున్నారన్న ఊహ కూడా రాలేదు. ఇప్పుడు వింటే మరొకటి కూడా కలుస్తుంది. రాజుగా నటించిన చాడ్విక్ బోస్‌మన్ 2020లో చనిపోయాడు.

ఆ గొంతు తర్వాత ఒక చిన్న వాద్యం వస్తుంది. దాన్ని తమ అంటారు. శివుడి చేతిలోని డమరుకంలా నడుము సన్నగా ఉంటుంది. రెండు వైపులా తోలు, ఆ రెండు తోళ్ళనూ కలుపుతూ తాళ్ళు. దాన్ని చంకలో పెట్టుకుని, వంకర కర్రతో కొడతారు. చంకతో తాళ్ళను నొక్కితే తోలు బిగుసుకుని స్వరం పైకి పోతుంది, వదిలితే కిందికి దిగుతుంది. మీలో కావడి చూసినవాళ్ళు ఉంటారు కదా? గుడిలో పూజారి చేతిలో ఉడుక్కై మోగినప్పుడు ఆ స్వరం ఎలా సాగి వంగుతుందో గుర్తు తెచ్చుకోండి. అదీ ఇలా తాళ్ళను నొక్కి మోగించేదే. అందుకే నాకు తమ మొదటిసారే పరాయిగా అనిపించలేదు.

మనిషి మాటలోని ఎగుడుదిగుడులను తమ అనుకరిస్తుంది. అందుకే దానికి "మాట్లాడే డ్రమ్" అని పేరు. ఈ ఆల్బంలో అది మాట్లాడేది ఒక పేరు. రాజు పేరు టీచాలా. ఆ పేరును తమ మీద పలికించమని యోరాన్సన్ అడిగితే, మసాంబా డియోప్ అనే వాద్యకారుడు పలికించాడు. ఆ చిన్న దరువే రాజుకు గుర్తు. రాజు వచ్చినప్పుడల్లా అది వస్తుంది, ఒకసారి ఒంటరిగా, ఒకసారి పెద్ద ఆర్కెస్ట్రా మధ్యలో. మన పాటలో పల్లవి మళ్ళీ మళ్ళీ వచ్చినట్టు. ఈ సంగతి నాకు మా అబ్బాయి చెప్పాడు. తెలిశాక, వినకుండా ఉండలేకపోయాను. పేరు పెట్టి పిలుస్తుంటే ఎవరైనా తల తిప్పకుండా ఉంటారా?

రెండవ పేరు కిల్‌మోంగర్. సినిమాలో అతను రాజుకు శత్రువు, కాని పరాయివాడు కాదు, రాజు చిన్నాన్న కొడుకే. అతను పుట్టి పెరిగింది వాకాండాలో కాదు, అమెరికాలోని ఓక్లాండ్‌లో, చిన్న అద్దె ఇంట్లో. అతని వాద్యం ఫులా వేణువు. అది మన కృష్ణుడి వేణువులా మెత్తగా ఉండదు. ఊదేవాడు ఊదుతూనే అందులోకి మాట్లాడతాడు, అరుస్తాడు, ఊపిరి చప్పుడు కూడా వినిపిస్తుంది. ఆ వేణువులోకి అతని పేరును అరిచి ఊదారు. కింద మాత్రం తమ లేదు. అమెరికా వీధుల్లో కార్లలోంచి వినిపించే హిప్‌హాప్ దరువు, యంత్రంతో చేసింది. పైన ఆఫ్రికా వేణువు, కింద ఓక్లాండ్ దరువు. రెండూ కలిసి ఒక్కడే మనిషి.

సినిమా చూసినప్పుడు నాకు అతను నచ్చలేదు. సింహాసనం కోసం మనుషుల్ని చంపేవాడు ఎవరికి నచ్చుతాడు? కాని చీకటిలో కత్తి లేదు, ముఖం లేదు. వేణువు మాత్రమే ఉంది. విన్నకొద్దీ నాకు ఒక దృశ్యం గుర్తుకొచ్చింది. అతను బంధించిన చేతులతో రాజసభలో నిలబడతాడు. నువ్వెవరు అని సభలో అడుగుతారు. అతను ఖోసాలో జవాబు చెబుతాడు. తన అసలు పేరు చెప్పి, ఫలానావాడి కొడుకుని అంటాడు. వాకాండా నేల మీద ఎన్నడూ పెరగని పిల్లవాడు ఆ భాష ఎక్కడ నేర్చుకున్నాడు? సముద్రానికి అవతల, అద్దె ఇంట్లో, తండ్రి దగ్గర.

మనం కూడా అంతే కదా? నేను తెలుగు నేర్చుకున్నది గుడి పక్క హాలులో, ఆదివారం పొద్దున, మడత కుర్చీల మీద. మా పంతులుగారు బడిలో ఉద్యోగం చేసే మనిషి కాదు, చక్కెర మిల్లు నుంచి రిటైరైన పెద్దాయన. పెద్ద బాలశిక్ష ఒక్కటే ఉండేది, ఆరుగురం వంతులవారీగా చూసేవాళ్ళం. చాలా ఏళ్ళకు విశాఖపట్నం వెళ్ళినప్పుడు ఒక బట్టల దుకాణంలో నేను నాలుగు మాటలు మాట్లాడితే, ఆ అమ్మాయి నవ్వి, "ఏంటమ్మా, పుస్తకం చదివినట్టు మాట్లాడుతున్నారు!" అంది. ఎగతాళిగా అనలేదు, ముద్దుగానే అంది. అయినా ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సభలో నిలబడి నీ పేరు నువ్వు సరిగ్గా చెప్పినా, అందరూ నీ యాసనే వింటారు.

పద్దెనిమిదవ ముక్క పేరు "కిల్‌మోంగర్స్ డ్రీమ్". ఇది నెమ్మదైన ముక్క. దీనికి ముందు "యాన్సెస్ట్రల్ ప్లేన్" అనే ఏడవ ముక్క విని రండి. అది పితృలోకం. రాజు అక్కడికి వెళ్ళినప్పుడు విశాలమైన మైదానం, చెట్ల కింద తన పూర్వికులు కనిపిస్తారు. కిల్‌మోంగర్ వెళ్ళినప్పుడు అతనికి కనిపించేది ఓక్లాండ్‌లోని ఆ అద్దె ఇల్లే, అందులో తండ్రి. అతని పితృలోకం అంతే. ఈ రెండు ముక్కలూ పక్కపక్కనే పెట్టుకుని విన్న రాత్రి నేను ఒక మాట అనుకున్నాను. నేను కళ్ళు మూసుకుంటే మా పెద్దలు ఎక్కడ కనబడతారు? గోదావరి ఒడ్డున కాదు. సింహాచలం మెట్ల మీద కాదు. చెరకు తోటల మధ్య రేకు బారకుల ముందు, బయటి కొళాయి దగ్గర, మా అవ్వ గిన్నెలు తోముతూ కనబడుతుంది. అదే నా పితృలోకం. అందులో తక్కువేమీ లేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త. బానిసలుగా అమ్ముడుపోయినవారి కథనూ, గిర్మిట్ కాగితం మీద వేలిముద్ర వేసి వచ్చినవారి కథనూ ఒకటి చేయకూడదు. సినిమా చివర కిల్‌మోంగర్ తనను సముద్రంలో కలిపేయమంటాడు. సంకెళ్ళకన్నా చావు మేలని ఓడల మీద నుంచి దూకిన తన పూర్వికులతో కలిపేయమంటాడు. అది వాళ్ళ దుఃఖం, మనది కాదు. మనవాళ్ళకు ఒప్పందం ఉండేది, జీతం ఉండేది, తిరిగి వెళ్ళే హక్కు కాగితం మీదైనా ఉండేది. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రూరో ఓడ డర్బన్ చేరింది. ఆ తర్వాత 1911 వరకు ఓడలు వస్తూనే ఉన్నాయి. దారిలో చనిపోయినవారిని సముద్రంలోనే విడిచారు. ఆ ఒక్క చోట మాత్రం "ఎ కింగ్స్ సన్‌సెట్" అనే ముక్క నాకు కూడా వర్తిస్తుంది. అది వింటూ నేను ఎక్కువసేపు కదలకుండా కూర్చుంటాను.

ఓడ చిట్టాల సంగతి మీకు తెలుసు. మొదట ఒక నంబరు. తర్వాత పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు, ఒంటి మీద పుట్టుమచ్చలు. మా అన్నయ్య మా ముత్తాత తాలూకు నకలు తెచ్చినప్పుడు మేమంతా బల్ల చుట్టూ మూగాం. గుమాస్తా తనకు వినిపించినట్టు రాసుకున్న ఇంగ్లిష్ అక్షరాలు అవి. ఒకలా చదివితే సింహాచలం స్వామి పేరు వస్తుంది, మరోలా చదివితే చివర "అయ్య" వస్తుంది. రెండూ మన పేర్లే. ఆయనది ఏదో ఈనాటికీ తేలలేదు. ఆ గుమాస్తా మీద నాకు చిన్నప్పటినుంచి కోపం. ఒక్కసారి మళ్ళీ అడిగితే ఏం పోయేది?

ఇప్పుడు నేను చెప్పాలనుకున్న అసలు విషయం.

నా తొమ్మిదవ తరగతిలో ఒక జూలూ అబ్బాయి ఉండేవాడు. హాజరు పట్టీలో అతనికి రెండు పేర్లు. ఒకటి ఇంగ్లిష్ పేరు, తేలిక. రెండవది ఇంటివాళ్ళు పెట్టినది, మధ్యలో "క్యూ" అక్షరం ఉంటుంది. జూలూలో ఆ అక్షరం మన "క" కాదు. నాలుకను అంగిట్లో బిగించి దించితే సీసా బిరడా తీసినట్టు చప్పుడు వస్తుంది, అది. రెండేళ్ళుగా నేను అతన్ని ఇంగ్లిష్ పేరుతోనే పిలిచాను. అతనొక్కణ్ణే కాదు. ఇరవై ఎనిమిదేళ్ళ ఉద్యోగంలో అలా ఎంతమందిని పిలిచానో లెక్క లేదు. గుమాస్తా ఎదుట మా ముత్తాత ఒక్క నిమిషమే నిలబడి ఉంటాడు. నా ఎదుట ఆ అబ్బాయి రెండేళ్ళు కూర్చున్నాడు.

తమ మీద రాజు పేరు విన్న తర్వాతి సోమవారం హాజరు తీసుకుంటూ అతని దగ్గర ఆగాను. "ఇంట్లో నిన్ను ఏమని పిలుస్తారు?" అన్నాను. అతను బల్ల వైపు చూశాడు. "అది కష్టం, మేడం. వదిలేయండి" అన్నాడు. మా నాన్న తన పేరు గురించి మిల్లులో తెల్ల దొరకు చెప్పినది సరిగ్గా ఇదే మాట. ఆ మాట చెప్పి ఆయన ఇంటికి వచ్చి నవ్వేవాడు. అది నవ్వు కాదని నాకు పెద్దయ్యాక తెలిసింది.

వదిలేయలేదు. ప్రయత్నించాను. తరగతి మొత్తం నవ్వింది, నవ్వాల్సిందే. ముగ్గురు అమ్మాయిలు నాలుక ఎక్కడ పెట్టాలో నాకు చూపించారు. అతను మాత్రం నవ్వలేదు. నేను ఐదవసారి చెప్పాక, "దగ్గరకొచ్చింది" అన్నాడు. ఉపాధ్యాయురాలికి పిల్లవాడు ఇచ్చే మార్కు అది. పదికి ఆరు అనుకోండి.

మూడు వారాల తర్వాత, గంట కొట్టాక, అతను నా బల్ల దగ్గర ఆగి, "మరి మీ పేరు సరిగ్గా ఎలా అంటారు, మేడం?" అని అడిగాడు. బడిలో నన్ను అందరూ మిసెస్ నైడూ అంటారు. నేను కూడా ఫోనులో అలాగే అంటాను. ఆ రోజు నెమ్మదిగా "నాయుడు" అని చెప్పాను. చివర "డూ" కాదు, "డు", పొట్టిగా. అతను మొదటిసారే సరిగ్గా అన్నాడు. గుడి బయట ఎవరి నోటా ఆ పేరు అలా విన్న గుర్తు నాకు లేదు.

ఇంకొక సంగతి. సెనెగల్ తర్వాత యోరాన్సన్ మన దేశానికి కూడా వచ్చాడు. ఈస్టర్న్ కేప్‌లోని మఖాండా పట్నంలో, రోడ్స్ విశ్వవిద్యాలయంలో, ఆఫ్రికా సంగీతాన్ని భద్రపరిచే అంతర్జాతీయ గ్రంథాలయం ఉంది. హ్యూ ట్రేసీ 1954లో దాన్ని స్థాపించాడు. అక్కడ కూర్చుని యోరాన్సన్ పాత రికార్డులు విన్నాడు. స్వీడన్‌లో పుట్టినవాడు అంత దూరం నుంచి వచ్చి విన్నాడు. ఆ గ్రంథాలయం ఉందని ఈ దేశంలోనే పుట్టి పెరిగిన నాకు ఈ ఆల్బం వినేదాకా తెలియదు. సముద్రం అవతలి భాషను ఆదివారం ఆదివారం పట్టుకుని వేలాడాను, అందుకు సిగ్గుపడను. కాని పక్క బల్ల మీది భాషను వినిపించనిచ్చానే గాని, వినలేదు.

మీరు కూడా ఈ ఆల్బం వినండి. మొదటిసారి బొమ్మలతో వినండి. రెండవసారి దీపం ఆర్పి వినండి. మూడవసారి కాగితం, పెన్సిలు పెట్టుకుని, విన్నది తెలుగులో రాయండి: ఏ వాద్యం, ఎవరి పేరు, ఎప్పుడు ఒంటరిగా, ఎప్పుడు గుంపులో. "ఫాంబిలీ" అనే తొమ్మిదవ ముక్క దగ్గర ఆగి, ఆ మాటకు అర్థం పక్కింటివాళ్ళను అడగండి. "ముందుకు" అని చెబుతారు. మాట తప్పు పలికితే దిద్దుతారు కూడా. దిద్దించుకోండి.

మా ఆదివారం తరగతిలో ఇప్పుడు మొదటి పది నిమిషాలు పేర్లకే. ప్రతి పిల్లా, ప్రతి పిల్లవాడూ తన పేరు, తండ్రి పేరు, తల్లి పేరు తెలుగు అక్షరాల్లో రాసి, పైకి చదవాలి. ఆ తర్వాత బడిలో తన పక్కన కూర్చునే స్నేహితుడి పేరు రాయాలి. అక్కడ అందరూ ఆగిపోతారు. మన యాభైయారు అక్షరాల్లో ఆ నాలుక చప్పుడుకు అక్షరం లేదు. అందుకే ఆ అబ్బాయి పేరు నేను ఇక్కడ రాయలేదు. ఎదురైనప్పుడు అడగండి, పలికి చూపిస్తాను. ఇప్పుడు పదికి ఎనిమిది వస్తున్నాయి.